మగవేషం

ఆ రోజు ఉదయం తాతాజీ చెరువు నడిమధ్యన పడవలో నిలబడి మేత సంచులు కడుతుండగా గట్టు మీద స్కూటీ ఒకటి వచ్చి ఆగింది. కలిదిండి దాటాక ఎటు చూసినా చెరువులే. ఆ గట్ల మీదకి తవుడు లారీ, యజమాని అచ్యుతరావుగారి కారు, పక్క చెరువు చూసుకునే సత్తిరాజు మోటారు సైకిలు తప్ప మరో బండి రాదు. స్కూటీ దిగిన అమ్మాయి హెల్మెట్ తీసి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ళవైపు చూసింది. తోవ తప్పి వచ్చిందేమో, వెళ్ళిపోతుందిలే అనుకున్నాడు తాతాజీ. ఆమె వెళ్ళలేదు. షెడ్డు నీడలో నిలబడి ఎదురుచూడటం మొదలుపెట్టింది.

ఆయన పని ఆపలేదు. చిల్లులు పొడిచిన సంచిలో తవుడు నింపి, మూతి బిగించి, నీళ్ళలో పాతిన వెదురు కర్రకి సగం మునిగేలా వేలాడగట్టాలి. మరీ కిందికి కడితే తవుడంతా నీళ్ళపాలవుతుంది. పైకి కడితే చేపకి అందదు. కర్రకీ కర్రకీ మధ్య కట్టిన తాడు పట్టుకుని పడవని ముందుకి లాక్కుంటూ పోవాలి. సంచి నీళ్ళని తాకగానే అడుగు నుంచి శీలావతులూ బొచ్చెలూ వచ్చి చిల్లుల దగ్గర మూతులు ఆనిస్తాయి. అప్పుడు చేతిలో తాడు సన్నగా అదురుతుంది. డెబ్భై రెండేళ్ళ తాతాజీని రోజూ తప్పకుండా పలకరించేది ఆ అదురు ఒక్కటే.

ఇంకా పదకొండు సంచులున్నాయి. అన్నీ కట్టాకే గట్టుకి వచ్చాడు.

ఆమె నమస్కారం పెట్టింది. పేరు సింధూరి అనీ, ఏలూరులో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాననీ, కైకలూరు బట్టల కొట్టు శ్రీరంగనాయకులుగారి మనవరాలిననీ చెప్పింది.

పడవ తాడు చుట్ట చుడుతున్న తాతాజీ చేతులు ఆగాయి. "నాయకులుగారు బాగున్నారా అండీ?"

"పోయినేడాది శ్రావణంలో పోయారండి. మీకు తెలుసేమో అనుకున్నాను."

తెలియదు. చెప్పేవాళ్ళు లేరు. ఆయన తాడు చుట్టడం పూర్తిచేసి మేకుకి తగిలించాడు. తుండుతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు.

సింధూరి బ్యాగులోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఫోటో తీసింది. తాతగారి బీరువాలో చీరల పెట్టె అడుగున దొరికిందట. కైకలూరులో 1977లో ఆడిన నాటకం. హైస్కూలు తెలుగు మాస్టారు రాసింది. తొమ్మిది మంది వరుసగా నిలబడి ఉన్నారు. నడుమ రాజు వేషంలో శ్రీరంగనాయకులు. ఆయన పక్కన, తల కొద్దిగా వంచి, పైట అంచుని రెండు వేళ్ళతో పట్టుకుని, రాణి చంపకవల్లి. ఫోటో వెనక నాయకులుగారి దస్తూరీలో తొమ్మిది పాత్రల పేర్లూ ఉన్నాయి. ఎనిమిదింటికి ఎదురుగా వేషం వేసినవాళ్ళ పేర్లున్నాయి. చంపకవల్లికి ఎదురుగా మాత్రం ఒక చిన్న గీత. గీత తరువాత ఏమీ లేదు.

"ఈ బట్టలు కుట్టిన టైలరుగారి భార్య సారమ్మగారిని అడిగానండి. ఆవిడకిప్పుడు చూపు సరిగా ఆనదు. ఆ రాణి మగమనిషేననీ, తాతాజీ అనే ఆయన్ని అడిగితే తెలుస్తుందనీ చెప్పారు. ఈ చంపకవల్లి మీరేనా అండీ?"

"కాదండి" అన్నాడు తాతాజీ. మరీ తొందరగా అన్నానేమో అనిపించి, "మా అన్నయ్యండి. కనకరాజు. పోయి చాలా ఏళ్ళయింది" అన్నాడు.

ఆ పేరే నోటికెందుకొచ్చిందో ఆయనకి తెలియలేదు. కనకరాజు బతికుండగా ఒక్క నాటకమన్నా చూసిన మనిషి కాదు.

సింధూరి నోటుబుక్కులో ఆ పేరు రాసుకుంది. రాసుకుని, తవుడు బస్తా మీద కూర్చుని, తానెందుకు వచ్చిందో చెప్పింది. కాలేజీలో ప్రపంచ నాటక చరిత్ర మీద ఎగ్జిబిషన్ పెడుతున్నారు. బోర్డులన్నీ ఆమె తయారుచేస్తోంది. రెండున్నర వేల ఏళ్ళ కిందట గ్రీసులో మగవాళ్ళే ముఖాలకి తొడుగులు పెట్టుకుని రాణుల వేషాలు వేసేవారట. లండనులో ఒకప్పుడు గొంతు మారని పిల్లలు వేసేవారట. జపానులో అయితే ఒక రకం నాటకాన్ని మొదలుపెట్టిందే ఆడవాళ్ళు. తరువాత ప్రభుత్వం వాళ్ళని రంగస్థలం ఎక్కకుండా నిషేధించింది, అప్పుడు మగవాళ్ళు ఆ వేషాలు అందుకున్నారు. చైనాలోనూ అంతే. మన దగ్గరా అంతే. మన బోర్డుకి పెద్ద ఊళ్ళ పేరున్న నటులు కాకుండా ఇక్కడి మనిషి కావాలని ఆమెకి పట్టుదల.

ఆమె ఫోనులో ఒక జపాను నటుడి బొమ్మ చూపించింది. తెల్లగా రంగు పూసిన ముఖం, ఒంటినిండా పూల బట్ట, చేతిలో విసనకర్ర. పక్కనే అదే మనిషి ప్యాంటూ చొక్కాతో, ముడతలు పడిన ముఖంతో. ఎనభై దాటేదాకా రాణి వేషాలే కట్టాడనీ, ఆ దేశం ఆయన్ని జాతి సంపదగా లెక్కించి బిరుదిచ్చిందనీ చెప్పింది.

తాతాజీ చాలాసేపు ఆ రెండో బొమ్మనే చూశాడు. "ఈయన బజార్లో నడిచి వెళ్తుంటే ఎవరూ ఏమీ అనరా అండీ?"

సింధూరి ఫోనులో బొమ్మని పైకి జరిపి కింద రాసింది చదివింది. "తెలియదండి. అది ఎక్కడా రాయలేదు" అంది.

ఆ తరువాత అన్నయ్యగారు ఎలా చేసేవారో చెప్పమంది. మొదట ఏమీ గుర్తులేదన్నాడు. ఆమె వదలకుండా అడిగితే, నడక బాగుండేదని అనుకునేవారండి అన్నాడు. వేషం కట్టే ముందు రోజంతా చీర కట్టుకునే ఉండేవాడనీ, కాలు దానికి అలవాటు పడాలనీ అన్నాడు. ఒకసారి మండవల్లి దగ్గర ఆడితే, మర్నాడు ఒకావిడ ఆ రాణిగారికి ఇమ్మని డజను గాజులు పంపించిందనీ చెప్పాడు. చెబుతూ చెబుతూ నవ్వాడు. చనిపోయిన అన్నని తలుచుకుని నవ్వుతున్నాడనుకుని సింధూరి కూడా నవ్వింది. శుక్రవారం మధ్యాహ్నం కాలేజీకి రమ్మని, అన్నయ్యగారి తరఫున శాలువా కప్పుతామని చెప్పి, కాగితం మీద నంబరు రాసిచ్చి వెళ్ళిపోయింది.

స్కూటీ మలుపు తిరిగేదాకా తాతాజీ గట్టు మీదే నిలబడ్డాడు. తరువాత షెడ్డులోకి వెళ్ళి అన్నం వండుకున్నాడు. తినేటప్పుడు గానీ గుర్తు రాలేదు, నాయకులుగారు ఎలా పోయారో, ఏం జబ్బు చేసిందో అడగనేలేదని.

* * *

బుధవారం సత్తిరాజు చెరువులో పట్టుబడి. పొద్దు పొడిచేసరికే వలవాళ్ళు దిగారు. పాతికమంది మెడలోతు నీళ్ళలో వరసగా నిలబడి, ఆ గట్టు నుంచి ఈ గట్టుకి వల లాక్కొస్తుంటే చేపలు వాళ్ళ తలల మీదుగా ఎగిరి పడుతున్నాయి. ఐసు లారీ వచ్చింది. తాతాజీ సుత్తి పట్టుకుని ఐసు దిమ్మలు పగలగొడుతూ, ట్రేల్లో చేప వరస మీద వరస వేస్తుంటే మధ్య మధ్య ముక్కలు చల్లుతూ కూర్చున్నాడు.

తొమ్మిదింటికి ఇడ్లీలు వచ్చాయి. అందరూ గట్టు మీద చేరారు. అప్పుడు సత్తిరాజు మొదలుపెట్టాడు. మొన్న టీచరమ్మ తననే దారి అడిగిందట, తిరిగి వెళ్ళేటప్పుడు ఆగి సంగతంతా చెప్పిందట.

"ఏం బాబాయ్, మీ అన్నయ్య ఆడవేషాలేసేవాడంట గదా. ఇన్నేళ్ళబట్టీ ఒక్కసారీ చెప్పలేదేం?"

తాతాజీ ఇడ్లీ తుంచుకుంటూ, ఎప్పటి మాటోలే అన్నాడు. సత్తిరాజు చెడ్డవాడు కాదు. తాతాజీకి జ్వరమొస్తే కైకలూరు తీసుకెళ్ళి మందు ఇప్పించినవాడు. కానీ పొద్దున్నుంచీ నీళ్ళలో నానిన పాతికమంది ఎదురుగా కూర్చున్నారు, వాళ్ళని నవ్వించాలనిపించింది. తడి తువ్వాలు తల మీద కప్పుకుని, ఒక చెయ్యి నడుము మీద వేసుకుని, గట్టు మీద ఇటూ అటూ ఊగుతూ నడిచాడు. చంపకవల్లిగారొస్తున్నారండోయ్, తప్పుకోండి అన్నాడు. నవ్వులు చెరువు అవతలి గట్టు దాకా వినిపించాయి. అవతల కొంగలు లేచాయి.

తాతాజీ కూడా నవ్వాడు. నవ్వకపోతే ఎవరైనా తన ముఖం చూస్తారు. కానీ నవ్వుతూనే, తనకి తెలియకుండానే, ఆయన కళ్ళు సత్తిరాజు కాళ్ళ మీదకి వెళ్ళాయి. నడుము తిప్పుతున్నాడు. తిప్పకూడదు. అడుగు చిన్నది చేస్తే నడుము దానంతటదే వస్తుంది. చెయ్యి నడుము మీద కాదు, మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉండాలి. తిరిగేటప్పుడు ముందు కళ్ళు తిరగాలి, తరువాత మెడ, ఆ తరువాతే మనిషి. ఏ ఆడదీ ఇలా నడవదు. పాతికమంది మగవాళ్ళు ఇదే ఆడనడక అనుకుని నవ్వుతున్నారు, ఇంటికెళితే అందరికీ అమ్మలున్నారు, పెళ్ళాలున్నారు, ఒక్కడూ సరిగా చూడలేదు.

అలా అనుకుంటూ ఉండగానే అందరి నవ్వులూ ఆగిపోయాయి, తన నవ్వు ఒక్కటే ఇంకా వినిపిస్తోంది. ఆపేశాడు. మిగిలిన ఇడ్లీలు కాగితంలో చుట్టి కాలవలో పడేసి, మళ్ళీ సుత్తి తీసుకున్నాడు. ఆ పూట ఆయన కొట్టిన ఐసు మరీ మెత్తగా ఉందని లారీవాళ్ళు విసుక్కున్నారు.

సాయంత్రం అచ్యుతరావుగారికి ఫోను చేసి, శుక్రవారం ఒక్కరోజు సెలవు కావాలన్నాడు. ఏలూరులో కళ్ళు చూపించుకోవాలన్నాడు. వెళ్ళేది శాలువా కోసం కాదు. ఆ ఫోటో తీసేయమని చెప్పడానికి. ఫోనులో చెప్పొచ్చు. కానీ అలాంటి మాట ఎదురుగా నిలబడి అడిగితేనే వింటారని ఆయనకనిపించింది.

* * *

కైకలూరు నుంచి ఏలూరు బస్సు కొల్లేరు మీదుగా పోతుంది. రెండు పక్కలా నీళ్ళు, నీళ్ళలో గుర్రపుడెక్క, గూడబాతులు. తాతాజీ కిటికీ పక్కన కూర్చుని, చెప్పవలసిన మాట లోపల్లోపల అనుకుంటూ వెళ్ళాడు. మా అన్నయ్య బొమ్మ పెట్టడం మా ఇంట్లోవాళ్ళకి ఇష్టం లేదండి. అది బాగుంది. ఇంట్లోవాళ్ళెవరని ఆమె అడగదు.

కాలేజీ హాలు మేడమీద. గోడల వెంట బోర్డులు నిలబెట్టారు. సింధూరి దూరంగా స్టేజీ దగ్గర నలుగురైదుగురు అమ్మాయిలతో మాట్లాడుతోంది. ఆయన్ని చూసి చెయ్యి ఊపి, ఇప్పుడే వస్తానన్నట్టు సైగ చేసింది. ఈలోగా ఆయన బోర్డుల ముందు ఒక్కొక్క అడుగే వేస్తూ చదవడం మొదలుపెట్టాడు. కొండ వాలులో రాతి మెట్లు, వాటి అడుగున గుండ్రటి నేల. నోరు తెరిచిన తొడుగులు. చెక్క మేడల మధ్య ఆకాశం కనిపించే నాటకశాల. అక్కడ వేషం కట్టిన పిల్లలకి గొంతు మారగానే ఆ వేషాలు పోయేవని రాశారు. తరువాత వాళ్ళు ఏమయ్యారో రాయలేదు. జపాను బోర్డు దగ్గర ఆ ముడతల ముఖం మళ్ళీ కనిపించింది.

చివరి బోర్డు మీద తన ముఖం. తలకాయంత పెద్దది చేసి పెట్టారు. ఇరవై నాలుగేళ్ళ మనిషి తల కొంచెం వంచి, ఎవరో పిలిస్తే ఇప్పుడే వినబడినట్టు చూస్తోంది. కింద అచ్చు అక్షరాలు: చంపకవల్లిగా కీర్తిశేషులు కనకరాజు, కైకలూరు.

అచ్చులో ఉన్న అన్న పేరు ఒకటికి రెండుసార్లు చదివాడు. తీసేయమందామని వచ్చినవాడు, ఆ అక్షరాల ముందు కదలకుండా నిలబడిపోయాడు.

ఇంతలో సింధూరి వచ్చి, చేయి పట్టుకున్నంత మర్యాదగా ముందువరసలో కూర్చోబెట్టింది. పిల్లలు ఆదివారం తాడేపల్లిగూడెంలో నాటక పోటీకి వెళ్తున్నారనీ, ఒక్కసారి రిహార్సలు చూసుకుని, తరువాత సన్మానం పెట్టుకుందామనీ చెప్పింది. ఆయన ఫోటో మాట ఎత్తబోయి వెనక్కి చూశాడు. అప్పటికే నలభైమంది అమ్మాయిలు వెనక కుర్చీల్లో సర్దుకున్నారు.

అది ఊరి ప్రెసిడెంటు కథ. అందరూ ఆడపిల్లలే కాబట్టి ప్రెసిడెంటు వేషం హర్షిణి అనే అమ్మాయికిచ్చారు. పొడవుగా, చురుగ్గా ఉంది. పంచె కట్టుకుంది, మీసం అంటించుకుంది. ప్రెసిడెంటు గుమ్మంలోంచి వచ్చి, ఎదురుగా ఉన్నవాళ్ళని దాటుకుని, కుర్చీలో కూర్చోవాలి. హర్షిణి ఛాతీ విరుచుకుని, కాళ్ళు ఎడం చేసి, మీసం మెలితిప్పుతూ వచ్చింది. హాలంతా పగలబడి నవ్వింది. సింధూరి మళ్ళీ చేయమంది. ఈసారి గొంతు లావు చేసింది, ఇంకా ఎక్కువ నవ్వారు. మూడోసారికి ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. తన వల్ల కాదనీ, ఈ వేషం ఇంకెవరికైనా ఇవ్వమనీ మీసం పీకబోయింది.

బుధవారం గట్టు మీద సత్తిరాజు నడిచిన నడకే ఇది. అటుది ఇటు తిప్పారు, అంతే. తాతాజీ కుర్చీలో కదిలాడు.

"మీసం సంగతి మర్చిపోమ్మా" అన్నాడు.

పెద్దగా అనలేదు. అయినా ఒకప్పుడు మైకు లేకుండా చివరి వరసకి వినిపించిన గొంతు అది. అందరూ ఆయనవైపు తిరిగారు. హర్షిణి చెయ్యి మీసం దగ్గరే ఆగిపోయింది.

"కాలేజీకొచ్చేటప్పుడు నీకెదురుగా ఎవడైనా మగాడొస్తే, ఎవరు పక్కకి తప్పుకుంటారమ్మా?"

హర్షిణి మీసం మీంచి చెయ్యి తీసింది. "నేనేనండి."

"ఎప్పుడన్నా తప్పుకోకుండా నడిచావా?"

"లేదండి."

"ప్రెసిడెంటు తప్పుకోడు. తప్పుకోవాలన్న ఆలోచనే అతనికి రాదు. ఛాతీ విరవక్కర్లేదమ్మా, అది భయమున్నవాడు చేసే పని. కూర్చునేటప్పుడు నువ్వు కుర్చీ ఎక్కడుందో వెనక్కి చూసుకున్నావు. అతను చూసుకోడు. కుర్చీ ఉంటుందని అతనికి నమ్మకం. ఎవరో ఒకరు వేసి ఉంచుతారు."

వెనక ఎవరో అమ్మాయి చిన్నగా నవ్వింది గానీ ఆ నవ్వు వేరేలా ఉంది. చేసి చూపించండి అంది హర్షిణి.

తాతాజీ చెప్పులు విడిచి స్టేజీ ఎక్కాడు. గుమ్మం అని గుర్తుపెట్టిన చోట ఒక్క క్షణం నిలబడ్డాడు. పంచె అంచు ఎడమచేత్తో పట్టుకున్నాడు. అప్పుడు నడిచాడు. ముందు మడమ ఆనింది, ఆ తరువాత పాదమంతా. కుడి భుజం వీసమెత్తు ముందుకుంది. చూపు నేల మీద లేదు, మనుషుల మీదా లేదు, వెళ్ళవలసిన చోటు మీదే ఉంది. రెండో అడుగు తరువాత ఒకసారి ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు గొంతు సవరించుకుని, మళ్ళీ కదిలాడు. ఎదురుగా ఉన్న ఇద్దరమ్మాయిలూ తమకి తెలియకుండానే పక్కకి జరిగారు. వెనక్కి చూడకుండా కుర్చీలో కూర్చున్నాడు.

సింధూరి చేతిలో స్క్రిప్టు కాగితాలు అలాగే ఉన్నాయి.

"అది మా తాతయ్య నడకండి" అంది. "కొట్లోంచి గొడౌనుకి ఇలాగే వెళ్ళేవారు. మధ్యలో ఆగి గొంతు సవరించుకోవడం కూడా."

"అవునండి. ఆయన దగ్గరే నేర్చుకున్నాను."

"నాటకంలోనా అండీ?"

"కాదండి. నాటకాలు మానేశాక."

ఆయన కుర్చీలోంచి లేవలేదు. మొదట సింధూరితోనే చెప్పడం మొదలుపెట్టాడు. తరువాత అందరికీ వినిపించేలా చెప్పాడు. ఆ బోర్డు మీద ఉన్నది మా అన్నయ్య కాదండి, నేనే అన్నాడు. అబద్ధం చెప్పాను, ఏమీ అనుకోకండి అన్నాడు. పదేళ్ళు ఆడవేషాలు కట్టాడు. తరువాత ఊళ్ళవాళ్ళు ఆడవాళ్ళనే పిలిపించి ఆ వేషాలు ఇవ్వడం మొదలుపెట్టారు. అది మంచిదే, ఆడవాళ్ళ వేషం ఆడవాళ్ళకి వచ్చింది. కానీ వేషం పోయినంత తేలిగ్గా నడక పోలేదు. కుప్పనూర్పుళ్ళప్పుడు కళ్ళంలో వంగి ధాన్యం ఎత్తుతూ, భుజం మీద తువ్వాలు జారితే రెండు వేళ్ళతో అంచు పట్టుకుని సర్దుకున్నాడు. పైట సర్దుకున్నట్టు. కూలీలంతా చూశారు. ఆ రోజే పెళ్ళిచూపులకని పిల్ల తండ్రి వచ్చి అక్కడ కూర్చుని ఉన్నాడు. ఆయన కాఫీ తాగకుండానే లేచి వెళ్ళిపోయాడు. ఇంకో సంబంధం రాలేదు. ఇంక పొలంలోకి రావద్దని కనకరాజు చెప్పేశాడు. నువ్వు నడుస్తుంటే నాకు తలెత్తుకోబుద్ధి కావట్లేదురా అన్నాడు.

"అప్పుడు మగాడిలా నడవడం నేర్చుకోవాల్సొచ్చిందమ్మా. ఎవర్ని చూసి నేర్చుకోవాలో తెలియలేదు. రాజు వేషంలో నాయకులుగారి పక్కన పదేళ్ళు నిలబడ్డాను కదా, ఆయన నడక ఒకటే పూర్తిగా తెలుసు. బట్టల కొట్టు ఎదురుగా టీ బడ్డీలో కూర్చుని రోజూ చూసేవాణ్ణి. మనుషుల్లేని గట్ల మీద పోయి నడిచేవాణ్ణి. ఏడాది పట్టింది. ఆడవేషం మూడు నెలల్లో వచ్చింది నాకు."

సింధూరి స్క్రిప్టు కాగితాలు కుర్చీలో పెట్టింది. తరువాత బోర్డు దగ్గరకి వెళ్ళి కనకరాజు పేరు మీద తెల్లకాగితం అంటించింది. తాతయ్య అందరి పేర్లూ రాసి మీదొక్కటీ ఎందుకు వదిలేశారండీ, ఆయన అలాంటి మనిషి కాదే అంది.

"నేనే అడిగానమ్మా. ఆ సంబంధం పోయిన మర్నాడు కొట్టుకెళ్ళి, నా పేరు ఇంకెక్కడా అనొద్దు బాబూ అన్నాను. సరే తాతాజీ అన్నారు. మాట మీద నిలబడ్డారు." బోర్డు మీది ఫోటోవైపు చూశాడు. "ఫోటో ఉంచుకున్నారని నాకు తెలియదు."

సింధూరి మార్కరు మూత తీసి ఆయనవైపు చూసింది. రాయండి అన్నాడు. ఆమె రాసింది. పేరు ముందు ఏమీ పెట్టలేదు, వెనక ఏమీ పెట్టలేదు.

హర్షిణి అప్పుడు మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళింది. మీసం తీసి చేతిలో పట్టుకుంది. నడిచింది. మొదటిసారి కుర్చీ కోసం వెనక్కి చూసింది, రెండోసారి చూడలేదు. నాలుగోసారికి హాల్లో ఎవరూ నవ్వలేదు. ఎదురుగా నిలబడ్డ అమ్మాయిలు జరిగారు. కుర్చీలో కూర్చున్నాక ఆ అమ్మాయి ముఖంలోకి ఒక వింత నెమ్మది వచ్చింది. ఎవరో తనకి కొత్త గది తలుపు తీసినట్టు చూసింది.

శాలువా కప్పారు. ఫోటోలు తీశారు. ఆడనడక కూడా చూపించమని వెనక నుంచి ఎవరో అడిగారు. ఇంకోసారమ్మా, మోకాళ్ళు ఒప్పుకోవట్లేదు అన్నాడు. సాయంత్రం బస్సు పోతే మళ్ళీ చీకటి పడుతుందని లేచాడు. స్టేజీ మెట్ల దగ్గర హర్షిణి అడ్డంగా నిలబడింది. ఏదో అడగాలనుకుంటూ ఇప్పటిదాకా ఆగినట్టుంది.

"ఒక నడక చంపకవల్లిది. ఒక నడక మేడమ్ వాళ్ళ తాతగారిది. మరి మీది ఏదండీ?"

వేళాకోళం కాదు. ఆ పిల్ల నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. తాతాజీ జవాబు చెబుదామని నోరు తెరిచాడు. లోపల వెతికితే పదహారో ఏటి దాకా వెళ్ళాలి. నాటకంలో చేరక ముందు గట్ల మీద పరుగెత్తిన కుర్రాడు ఎలా పరుగెత్తేవాడో చూసినవాళ్ళు ఒక్కరూ ఇప్పుడు లేరు. అమ్మ లేదు. అన్న లేడు. నాయకులుగారు లేరు.

"తెలియదమ్మా" అన్నాడు.

మెట్లు దిగి చెప్పులు తొడుక్కున్నాడు. అక్కణ్ణుంచి గుమ్మందాకా రెండు వరసల కుర్చీల మధ్య ముప్ఫై అడుగుల దారి. నలభైమంది పిల్లలు మాటలు ఆపి చూస్తున్నారు. పంచె అంచు పట్టుకోబోయి వదిలేశాడు. మడమ ముందు ఆనాలా, వేళ్ళు ముందు ఆనాలా అనేది తలుచుకోలేదు. భుజాన్ని దాని మానాన దాన్ని పోనిచ్చాడు. ఒకచోట మోకాలు కలుక్కుమంటే కుర్చీ వీపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. తరువాత మళ్ళీ నడిచాడు.

గుమ్మం దాటాక ఆగాడు. వెనక్కి తిరిగి, ఎలా నడిచానమ్మా అని అడగాలనిపించింది. యాభై ఏళ్ళలో మొదటిసారి ఆయన నడకని ఆయన చూసుకోలేదు. వాళ్ళు చూశారు. లోపల సింధూరి మళ్ళీ మొదటినుంచి చేద్దామంటోంది. కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపించింది. తాతాజీ ఇంకాసేపు నిలబడి, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి, బస్టాండు ఎటో వాచ్‌మన్‌ని అడిగి తెలుసుకుని ఆ దారి పట్టాడు.